ఉప్పత్తయ్య ముక్కు

ఆవిడకు అసలు పేరంటూ ఒకటి ఉండేది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆవిడే వెంటనే పలికేది కాదు. వీధి వీధంతా ఉప్పత్తయ్య అనేవాళ్ళు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ పిలుపు విని కోడలు హడలిపోయింది. మనిషి మాట మంట పుట్టిస్తుందేమో, అందుకే ఈ పేరు పడిందేమో అనుకుంది. ఇంటి వెనక ఉన్న కొట్టుగది తలుపు తీసి చూశాక గానీ అసలు సంగతి బోధపడలేదు.

ఆ గదికి కిటికీ లేదు. నేలమట్టానికి కాస్త దిగువన, మెట్లు దిగి వెళ్ళాలి. ఎండాకాలంలో కూడా లోపల అడుగు పెడితే కాళ్ళు జిల్లుమనేవి. పైన దూలానికి వరసగా కొక్కేలు, ఒక్కొక్క కొక్కేనికి ఒక్కొక్క గొర్రె తొడ. ఉప్పు పట్టి, పొగ పట్టి, ముదురు గోధుమ రంగుకు తిరిగి, కర్రలా గట్టిపడి వేలాడేవి. కింద అరల మీద జాడీలు. వాటిలో కొవ్వులో ఉడికిన మాంసం ముక్కలు, పైన మూతలా తెల్లగా గడ్డకట్టిన కొవ్వు. మూలనున్న చెక్క పీపాలో ఒక వరస ఉప్పు, ఒక వరస చేపలు. గోడకు టమాటా వరుగులు, చిక్కుడు వరుగులు, దండలు గుచ్చిన పుట్టగొడుగులు. ఇవన్నీ కలిసిన ఒక వాసన ఉండేది ఆ గదిలో. కోడలు మొదట్లో కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది. పోనుపోనూ ఆ వాసన తగిలితే చాలు, ఆకలి వేసేది.

"మా ఇంట్లో అయితే పొద్దున తేవడం, మధ్యాహ్నానికి గిన్నె కడిగేయడం. మాంసం నెలల తరబడి నిలవుంటుందని నాకు తెలియనే తెలియదు అత్తయ్యా," అంది కోడలు ఆ మొదటి రోజున.

"మీ ఊళ్ళో వాన వస్తే రోడ్డు ఎక్కడికీ పోదుగా. మా రోడ్డుకి కాళ్ళున్నాయి, అది పోతుంది," అంది ఉప్పత్తయ్య.

అది నిజం. కొండ వాలులో కట్టుకున్న వీధి అది. వానలు గట్టిగా పట్టాయంటే మట్టి పెళ్ళలు విరిగి రోడ్డు మీద పడేవి. కింద ఏటి మీది వంతెన దాటడానికి వీల్లేకుండా పోయేది. అలాంటప్పుడు వీధిలో సగం మంది గిన్నెలు పట్టుకుని ఈ గుమ్మంలోకే వచ్చేవారు. వచ్చిన వాళ్ళెవరూ ఉత్త గిన్నెతో వెనక్కి పోలేదు.

కోడలు దర్జీ పని చేసేది. ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని వీధి వాళ్ళ బట్టలన్నీ కుట్టేది. ఆమె భర్త లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు రోడ్ల మీదే. మామగారు గడియారాలు బాగుచేసి బాగుచేసి, ఇప్పుడు ఎవరూ గడియారాలు పాడుచేసుకోవడం లేదని తిట్టుకుంటూ ఇంటిపట్టున ఉండేవాడు. కోడలు వచ్చాక తొడలకు ఈగ దూరకుండా పలచటి నేత గుడ్డతో సంచులు కుట్టింది, తొడ ఆకారానికి తగ్గట్టు, పైన నాడాతో సహా. ఉప్పత్తయ్య ఆ సంచిని అటూ ఇటూ తిప్పి చూసి, "మాంసానికి జాకెట్టు కుట్టిన కోడలు ఇంకెవరికీ దొరికి ఉండదు," అంది. ఆవిడ నోటి నుంచి అంతకు మించిన మెచ్చుకోలు వచ్చేది కాదని కోడలికి తర్వాత తెలిసింది.

అయితే వీధిలో అందరూ చెప్పుకునేది ఆవిడ చేతి గురించి కాదు, ముక్కు గురించి. ఆవిడ దగ్గర ఎముకను అరగదీసి చేసిన సన్నటి సూది ఒకటుండేది. ఉప్పులోంచి తీసిన తొడను ఒళ్ళో పెట్టుకుని, కీలు దగ్గర, ఎముక పక్కగా ఆ సూదిని లోపలికంటా గుచ్చేది. మెల్లగా లాగి ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేది. మాంసం పైకి నిగనిగలాడుతున్నా లోపల ఎముకను అంటిపెట్టుకున్న చోటే ముందు చెడుతుందట. అది కంటికి కనపడదు, సూదికి అంటుకుని వస్తుంది. ఆవిడ తల ఊపితే తొడ దూలానికి ఎక్కేది. ఊపకపోతే గుంటలోకి పోయేది. మధ్యేమార్గం లేదు.

"నేను ఏ హోటల్లో టీ తాగి వచ్చానో కూడా చెప్పేస్తుందమ్మా మీ అత్తయ్య," అనేవాడు మామగారు. "పెళ్ళయిన రోజు నుంచి నాకంటూ ఒక రహస్యం లేకుండా పోయింది."

కోడలు వచ్చిన నాలుగో ఏడు, చలికాలంలో ఉప్పత్తయ్యకు జ్వరం వచ్చింది. మంచాన పడేసిన జ్వరం. లేచి తిరగడానికి చాలా రోజులు పట్టింది. లేచాక మనిషి చూడ్డానికి మామూలుగానే ఉంది గానీ, ఏదో మారింది. ఎండలు ముదిరాయి. గొర్రెలు కొనే రోజులు వచ్చాయి. ఆవిడ కొనలేదు. అడిగితే మోకాళ్ళ నొప్పులంది. ఇంకోసారి అడిగితే, "అబ్బాయి ఎలాగూ ఊళ్ళు పట్టుకు తిరుగుతాడు, ఇంట్లో తినేదెవరు?" అంది. దూలం మీద పాత తొడలు ఒక్కొక్కటే అయిపోయాయి. జాడీలు కడిగి బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి. విచిత్రం ఏమిటంటే, ఉప్పు మాత్రం ఎప్పటిలాగే బస్తాలకు బస్తాలు దింపించింది. ఖాళీ గదిలో రాళ్ళుప్పు బస్తాలు గోడకు ఆనుకుని కూర్చున్నాయి.

కోడలికి మనసు మనసులో లేదు. తనేమైనా అనరాని మాట అందా? సంచులు కుట్టలేనంత పని ఒత్తిడిలో ఉన్నానని విసుక్కుందా? ఎంత తవ్వుకున్నా ఏమీ తట్టలేదు. మామగారిని అడిగితే ఆయన నీళ్ళు నమిలాడు. "ఆవిడ మనసులోకి దూరి చూడ్డానికి అదేమైనా గడియారమా అమ్మా, వెనక మూత విప్పడానికి?" అన్నాడు.

ఒక మధ్యాహ్నం కోడలు ముందు గదిలో కాలర్ కుడుతోంది. ఉన్నట్టుండి ఘాటైన మాడు వాసన గుప్పుమంది. మిషను వదిలేసి వంటింట్లోకి పరుగెత్తింది. పొయ్యి మీద పాలు పొంగిపోయి, ఇంకిపోయి, గిన్నె అడుగు నల్లగా మాడి పొగలు చిమ్ముతోంది. పొయ్యికి బారెడు దూరంలో ఉప్పత్తయ్య వీపు తిప్పి కూర్చుని, తీరుబడిగా చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

కోడలు గబగబా పొయ్యి ఆర్పింది. ఆ చప్పుడుకు గానీ ఆవిడ వెనక్కి తిరగలేదు. మాడిన గిన్నెనూ కోడలి ముఖాన్నీ మార్చి మార్చి చూసింది. ఇద్దరికీ ఒక్కసారే అర్థమైంది, ఇక దాచడానికి ఏమీ మిగల్లేదని.

"ఎప్పట్నుంచి అత్తయ్యా?"

"జ్వరం తగ్గిన దగ్గర్నుంచి." ఆవిడ చేతిలోని చిక్కుడుకాయను కింద పెట్టింది. "మొదట జలుబనుకున్నా. తర్వాత కొట్టుగదిలోకి దిగాను. ఏమీ లేదు. అంత గదిలో, అన్ని సరుకుల మధ్య, ఏమీ లేదు. ఎవరో గది మొత్తం తుడిచిపెట్టి పోయినట్టుంది."

"డాక్టరు..."

"చూపించుకున్నా. మీ మావయ్యే తీసుకెళ్ళారు. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు."

"అందుకేనా గొర్రెలు కొనలేదు?"

"మరి? సూది గుచ్చి, ముక్కు దగ్గర పెట్టుకుని, తల ఊపి, అందరి కంచాల్లో వడ్డించమంటావా? ఒక్కడికి తేడా చేస్తే ఆ పాపం ఎవరిది?" ఉప్పత్తయ్య చిక్కుడుకాయలను పక్కకు తోసింది. "అలాగని వీధిలోకి పోయి నాకు ముక్కు పోయిందని చెప్పుకోనూ లేకపోయాను. ఇన్నేళ్ళుగా నేనంటే ఆ ముక్కే కదే అమ్మాయ్."

కోడలు ఆవిడ పక్కన చతికిలబడింది. "నేను చూస్తాను అత్తయ్యా, వాసన. నాకు నేర్పండి."

"ముక్కు అందరికీ ఉంటుంది. అది పసిగట్టింది నోటితో చెప్పగలగాలి, ఎదుట ఎవరున్నా సరే. అది కష్టం." ఆవిడ లేచి మాడు గిన్నెలో నీళ్ళు పోసింది. "ఎవరితోనూ అనకు."

కోడలు అనలేదు.

వానలు ముందుగానే వచ్చాయి. అదీ మామూలుగా రాలేదు. ఆ వారంలోనే వీధి చివర మాంసం కొట్టు నడిపే కత్తి బాబాయ్ ఇంట్లో పెళ్ళి. ఒక్కగానొక్క కూతురు. అబ్బాయి వాళ్ళది ఏటి అవతలి ఊరు. పెళ్ళి భోజనాల కోసం కత్తి బాబాయ్ తనే ఏరి ఏరి తెచ్చుకున్న గొర్రెలను ముందు రోజే కోసి, కొట్టు వెనక కరెంటుతో చల్లబరిచే గదిలో వేలాడదీశాడు. ఆ సాయంత్రం కొండ మీద ఆకాశానికి చిల్లు పడ్డట్టు కురిసింది. కరెంటు స్తంభాలు వరసగా ఒరిగిపోయాయి. తెల్లారి చూస్తే వంతెన లేదు. అవతలి ఒడ్డున పెళ్ళివారు, ఇవతలి ఒడ్డున పెళ్ళికూతురు. కోడలి భర్త లారీ కూడా అవతలే ఆగిపోయింది. క్షేమంగా ఉన్నానని ఎవరి ఫోన్ నుంచో కబురు చేశాడు, అంతే.

కత్తి బాబాయ్ తడిసి ముద్దై వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఎప్పుడూ ఛాతీ విరుచుకుని నడిచే మనిషి, ఆ పూట ఒంట్లో ఎముకలు లేనట్టున్నాడు.

"అక్కా, పెళ్ళి ఎలాగూ ఆగింది. మళ్ళీ ఎప్పుడో ఏమో. ఆ మాంసం కూడా మట్టిపాలైతే ఇక నా వల్ల కాదక్కా. నువ్వే ఏదన్నా దారి చూపించాలి."

కోడలు ఉప్పత్తయ్య కళ్ళనే చూస్తోంది. ఆ కళ్ళు పెరటి వైపు, కొట్టుగది తలుపు వైపు వెళ్ళాయి. లోపల ఉప్పు బస్తాలున్నాయి.

"గది తలుపు తెరిచావా?" అంది ఆవిడ.

"లేదక్కా. కరెంటు పోయిన దగ్గర్నుంచి తెరవలేదు."

"మంచి పని చేశావ్. నేను కబురు పెట్టేదాకా తెరవకు. తెరిచాక ఒక్కొక్కటే తీయాలి, తీసి వెంటనే మూసెయ్యాలి. కత్తులు నూరి పట్టుకురా. ఇంట్లో ఆడా మగా ఎంతమందుంటే అంతమందినీ రమ్మను. చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని రమ్మను. పెళ్ళికూతుర్ని కూడా."

అతను పరుగున వెళ్ళిపోయాడు. ఉప్పత్తయ్య ఎముక సూది తీసి, మరిగే నీళ్ళలో వేసి, తీసి కోడలి చేతిలో పెట్టింది.

"ఇప్పుడు నీ ముక్కు కావాలి నాకు."

"అత్తయ్యా, నాకు చెడ్డ వాసన ఎలా ఉంటుందో కూడా..."

"చెడ్డదాని సంగతి తర్వాత. ముందు మంచిదాన్ని బాగా తెలుసుకో. మొదట వచ్చే తొడలు గది లోపలి గోడ దగ్గరివి, బాగా చల్లగా ఉంటాయి. వాటిని తనివితీరా వాసన చూడు. అది నీ బుర్రలో కూర్చుంటే, దానికి తేడాగా ఉన్నది దానంతటదే పట్టుబడుతుంది."

పెరట్లో రేకుల వసారా కింద పెద్ద బల్లలు వేశారు. వాన రేకుల మీద డప్పు వాయిస్తోంది. కత్తి బాబాయ్ తొడలు, భుజాలు, పక్కటెముకలు విడదీస్తున్నాడు. ఆ చేయి కదులుతుంటే చూడముచ్చటగా ఉంది. కత్తి ఎముకను తాకిన చప్పుడే లేదు, కీలు దానంతటదే విడిపోతున్నట్టుంది. ఉప్పత్తయ్య ఒక్కొక్క ముక్కనూ బొటనవేలితో నొక్కి చూసేది. నొక్కిన చోట మాంసం మళ్ళీ పైకి లేస్తే ఒక పక్కకు. అరచేయి ఆనించి తీసినప్పుడు జిగురుగా అంటుకుంటే ఇంకో పక్కకు. ఆ తర్వాత కోడలి సూది.

"పూయడం కాదమ్మా, ఎక్కించాలి," అని పెళ్ళికూతురి చేయి పట్టుకుని తొడ కీలు లోపలికి ఉప్పు కూరడం చూపించింది. "ఇదిగో, ఈ సందులో. ఈ సందుని మర్చిపోయినవాళ్ళ తొడ ఎప్పుడూ నిలవలేదు."

"పెళ్ళి చీర కట్టుకోవాల్సిన పూట ఇదేం పని అత్తయ్యా," అంది పెళ్ళికూతురు, ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో.

"రేపు మీ ఆయన అలిగినప్పుడు పనికొస్తుందిలే. ఎలాంటి మొండి తొడైనా ఉప్పు పట్టిస్తే దారికొస్తుంది," అన్నాడు మామగారు వసారా చివర నుంచి. అందరూ ఘొల్లుమన్నారు. పొద్దున్నుంచి ఆ పిల్ల నవ్వడం అదే మొదలు.

మామగారికి పెరటి మూలనున్న పొగగది పని అప్పగించారు. మంట రాకూడదు, పొగ ఆగకూడదు. తడి రంపపు పొట్టు చల్లుతూ, గాలి సందు కొంచెం తీస్తూ, కొంచెం మూస్తూ ఆయన కళ్ళల్లో నీళ్ళు కారుతున్నా కదలకుండా కూర్చున్నాడు. బద్దీల్లా సన్నగా కోసి ఉప్పు నీళ్ళలో ముంచి తీసిన మాంసాన్ని ముందు అక్కడికే పంపారు. వానలో ఎండ ఎక్కడిది? ఆ వేడీ పొగా కలిసి ఎండ పని చేయాల్సిందే. పెళ్ళికని తెచ్చిన టమాటాలు ఒక పొయ్యి మీద దగ్గరపడుతున్నాయి. చిక్కుళ్ళు పొగగది గోడకు బయటవైపు, వెచ్చగా ఉన్నచోట, చేటల్లో ఆరుతున్నాయి.

ఎముకల దగ్గర మిగిలిన చిన్న చిన్న ముక్కలను కొవ్వుతో కలిపి పెద్ద గుండిగలో సన్నటి సెగ మీద పెట్టారు. ఉప్పత్తయ్య మధ్యమధ్యలో ఆ గుండిగ దగ్గరికి వెళ్ళి, గరిటె ముట్టుకోకుండా, చెవి వంచి వినేది. "ఇంకా నీళ్ళున్నాయి. చిటపటమంటోంది, విను," అనేది. మరి కాసేపటికి ఆ చిటపటలు అణగిపోయి సన్నటి సణుగుడులా మారాక, "ఇప్పుడు దించండి. జాడీలు బాగా ఆరాయా? చుక్క తడి కూడా ఉండకూడదు. ముక్క ఒక్కటి కూడా కొవ్వు పైకి తేలకూడదు," అంది.

కోడలు సూది పట్టుకుని అదంతా చూస్తూ ఉండిపోయింది. ఇన్నాళ్ళూ ఆ విద్యంతా ముక్కులోనే ఉందని వీధితో పాటు తనూ నమ్మింది. ఇప్పుడు చూస్తే అది ఆవిడ బొటనవేలిలో ఉంది, చెవిలో ఉంది, అరచేతి చర్మంలో ఉంది. ముక్కు పోయినా మనిషి నిండుగానే ఉంది. ఆ సంగతి తెలియనిది ఆవిడ ఒక్కదానికే.

మధ్యాహ్నం దాటాక గది తలుపు దగ్గరివి, చివరివి వచ్చాయి. వాటిలో ఒక పొట్టేలు తొడ అన్నిటికంటే పెద్దది. కొత్త అల్లుడికని కత్తి బాబాయ్ ప్రత్యేకంగా మేపి పెంచిన పొట్టేలు. ఉప్పత్తయ్య బొటనవేలితో నొక్కింది. లేచింది. అరచేయి ఆనించింది. అంటుకోలేదు. కోడలి వైపు జరిపింది.

కోడలు కీలు పక్కగా సూది గుచ్చి తీసింది. వాసన చూసింది. మళ్ళీ చూసింది. ఏదో ఉంది. పొద్దున్నుంచి చూసినవాటిలో లేనిది, అట్టడుగున, దారప్పోగంత సన్నగా. సూది తుడిచి ఇంకోచోట గుచ్చింది. ఈసారి ఉందో లేదో తెలియలేదు.

"ఏంటమ్మా, అంతసేపు?" అన్నాడు కత్తి బాబాయ్.

"ఇది... కొంచెం..." అంది కోడలు. చుట్టూ అందరి చేతులూ ఆగాయి.

"కొంచెం ఏంటి? ఇది నా చేత్తో పెంచి నా చేత్తో కోసిన పొట్టేలు. దీనికి వంక పెడితే ఇంక మిగతావన్నీ ఏట్లో పారేయాలి." అతని ముఖం ఎర్రబడింది. ఆమె చేతిలోంచి సూది తీసుకుని, మరోసారి గుచ్చి, ఉప్పత్తయ్యకు అందించాడు. "అమ్మాయిది కొత్త ముక్కు. నువ్వు చూడక్కా. నువ్వు ఊ అంటే ఊ, కాదంటే కాదు."

ఉప్పత్తయ్య సూది అందుకుంది. ముక్కు దగ్గరికి తీసుకుని తల ఊపితే అయిపోతుంది. ఏ వైపు ఊపినా సరే, ఎవ్వరూ మారు మాట్లాడరు. వీధిలో ఆవిడ మాటకు ఉన్న విలువ అది. పొగగది దగ్గర మామగారు లేచి నిలబడ్డాడు.

ఆవిడ సూదిని ముక్కు దాకా తీసుకెళ్ళలేదు. బల్ల మీద పెట్టేసింది.

"తమ్ముడూ, నాకు వాసన తెలియదు."

"ఏంటక్కా?"

"జ్వరం వచ్చిన దగ్గర్నుంచి నాకు ఏ వాసనా తెలియడం లేదు. మాంసానిదీ లేదు, మాడిన పాలదీ లేదు. ఈ ఏడు నా కొట్టుగది ఖాళీగా ఉన్నది అందుకే. మోకాళ్ళ నొప్పులని మీ అందరికీ అబద్ధం చెప్పాను. పొద్దున్నుంచి ఇక్కడ వాసన చూస్తున్నది ఈ అమ్మాయి."

ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. ఇంకెవరో ముక్కున వేలేసుకున్నారు. ఉప్పత్తయ్య వాళ్ళెవరినీ చూడలేదు. కోడలి వైపు తిరిగింది.

"నీకేమనిపించింది? ఉన్నదున్నట్టు చెప్పు. తమ్ముడి ముఖం చూడకు. నా ముఖం కూడా చూడకు."

కోడలు తొడ వైపే చూస్తూ అంది: "పులిసినట్టు ఉంది. తడి గుడ్డ మూలన పడేసి మర్చిపోతే వచ్చే వాసన. చాలా కొంచెం. రెండోసారి తెలియలేదు. నేను పొరబడి ఉండొచ్చు."

"అనుమానమేనా?"

"అనుమానమే."

"అయితే అది దూలానికి ఎక్కదు," అంది ఉప్పత్తయ్య. "పొరపాటైతే ఒక తొడ పోతుంది. పొరపాటు కాకపోతే మనుషులు పోతారు."

కత్తి బాబాయ్‌కి రోషం తన్నుకొచ్చింది. కత్తి తీసుకుని ఆ తొడను ఎముక వెంట నిలువునా చీల్చాడు, అందరికీ చూపిద్దామని. విప్పి పట్టుకున్నాడు. కీలు దగ్గరికి వంగి చూశాడు. లోపల, ఎముకను ఆనుకుని, బొటనవేలి గోరంత మేర మాంసం రంగు మారి ఉంది.

అతను నిటారుగా లేచినప్పుడు ముఖంలో కోపం లేదు.

"ఇది ఆఖర్న కోశాను. ఒంట్లో వేడి తగ్గకుండానే మిగతావాటి మధ్యకి తోసేశాను, పెళ్ళి పనుల హడావుడిలో," అన్నాడు. "అమ్మాయ్, నీ ముక్కు మామూలుది కాదు." ఆ తొడను తనే చేతులతో ఎత్తుకుని వానలోకి నడిచాడు. పెరటి చివర గుంట తవ్వి పూడ్చి వచ్చి, చేతులు కడుక్కుని, కత్తి మరిగే నీళ్ళలో ముంచి, మళ్ళీ బల్ల దగ్గర నిలబడ్డాడు.

అప్పుడు పక్కింటావిడ నెమ్మదిగా అడిగింది, "మరి ఇందాక ఉప్పులో పెట్టినవన్నీ?"

ఆ ప్రశ్న అందరి మనసులోనూ ఉంది. కోడలు తలదించుకుంది. ఉప్పత్తయ్య మాత్రం అడిగినందుకు సంతోషించినట్టే ఉంది.

"మంచి మాటన్నావ్. అన్నీ మళ్ళీ చూద్దాం. ఈసారి మీరు చూడండి. ఇన్నాళ్ళూ ఒక్క ముక్కు మీద వీధంతా ఆధారపడింది, అది నా తప్పే. రండి, సూది ఎలా గుచ్చాలో చూపిస్తా. ఏ ఒక్కరికి అనుమానం వచ్చినా అది పక్కకు. ఎందుకొచ్చిందని ఎవరూ అడక్కూడదు."

ఉప్పులోంచి ఒక్కొక్కటే తీశారు. కత్తి బాబాయ్, పెళ్ళికూతురు, పక్కింటావిడ, కోడలు, వరసగా. మొదట సిగ్గుపడ్డారు, తర్వాత పోటీలు పడ్డారు. మామగారు కూడా వచ్చి సూది వాసన చూసి, "నాకు పొగ తప్ప ఇంకేం తెలియడం లేదు," అంటే, "మీరు పొగగదికే సరిపోతారు, పదండి," అని ఉప్పత్తయ్య తోలేసింది. ఒక భుజం దగ్గర పెళ్ళికూతురు ఆగింది. ఎందుకని ఎవరూ అడగలేదు. అది కూడా గుంటలోకి పోయింది. చీకటి పడకముందే మిగిలినవన్నీ మళ్ళీ ఉప్పు కప్పుకుని పీపాల్లో పడుకున్నాయి.

ఆ వానాకాలం రోడ్డు చాలా రోజులు తెరుచుకోలేదు. పొగగదిలో ఆరిన మాంసం బద్దీలు, కొవ్వు జాడీలు, టమాటా ముద్ద ఇంటింటికీ చేరాయి. ఏ ఇంట్లోనూ పొయ్యి చల్లారలేదు, ఏ ఇంట్లోనూ ఎవరికీ కడుపునొప్పి రాలేదు. తొడలు ఉప్పులోంచి బయటికి వచ్చి, పొగ పట్టి, కోడలు కుట్టిన కొత్త సంచుల్లో దూలానికి ఎక్కాయి. ఎక్కించే ముందు ప్రతిసారీ నలుగురు వచ్చి సూది పట్టుకునేవారు.

వానలు వెనకపట్టాక ఏటి మీద తాత్కాలికంగా ఇనప వంతెన వేశారు. దాని మీద మొదట దాటిన వాళ్ళలో కోడలి భర్త ఒకడు. పెళ్ళివారు ఆ వెనకే వచ్చారు. భోజనాల్లో, ఉప్పు విడిచేదాకా నానబెట్టి ఉడికించిన తొడ మాంసం వడ్డించారు. పెళ్ళికొడుకు తాతగారు రెండోసారి అడిగి వేయించుకుని, "ఇది ఎవరి చేతి వంటమ్మా?" అన్నాడు.

"మా వీధిది," అన్నాడు కత్తి బాబాయ్. అన్నాడే గానీ, అతని చూపు ఉప్పత్తయ్య మీదే ఉంది. ఆవిడ అప్పటికే వడ్డించేవాళ్ళ మీద కేకలేస్తోంది, ముక్కలు మందంగా కోస్తున్నారని.

ఆవిడకు వాసన తిరిగి రాలేదు. డాక్టరు ఇప్పుడు "రావచ్చు" అనడం కూడా మానేశాడు. కానీ మరుసటి ఏడు ఎండలు ముదరగానే ఆవిడే ముందుగా కత్తి బాబాయ్ కొట్టుకు వెళ్ళి గొర్రెలు మాట్లాడుకొచ్చింది. ఎవరైనా పేరు పెట్టి మెచ్చుకోబోతే, "నాకు సగం పనే వచ్చు, మిగతా సగం మా కోడలిది," అనేది, దాపరికం లేకుండా. ఆ మాట విన్నప్పుడల్లా కోడలికి ఆ వానరోజు బల్ల మీద సూది పెట్టేసిన చేయి గుర్తొచ్చేది. ఇంత పనితనం ఉన్నవాళ్ళు ఇంకెక్కడైనా ఉండొచ్చు. అంతమంది ఎదుట ఆ చేతిని అలా దించగలిగినవాళ్ళను మాత్రం ఆమె ఇంకెక్కడా చూడలేదు.

ఆ ఏడాది మొదటి తొడ పొగగదిలోంచి దిగిన మధ్యాహ్నం, ఇద్దరూ కొట్టుగది మెట్ల మీద కూర్చున్నారు. కోడలు సూది గుచ్చి తీసింది.

"ఎలా ఉంది?" అంది ఉప్పత్తయ్య.

"బాగుంది అత్తయ్యా."

"బాగుంది అంటే నాకేం తెలుస్తుంది? చెప్పు."

కోడలు మళ్ళీ వాసన చూసింది. మాటల కోసం వెతుక్కుంది. "ముందు కట్టె పొగ. దాని వెనక ఉప్పు. ఆ వెనక... పొట్టు తీసిన పచ్చి వేరుసెనగపప్పులా, కమ్మగా, కాస్త తియ్యగా. చివర్లో కొంచెం పచ్చివాసన మిగిలుంది."

ఉప్పత్తయ్య కళ్ళు మూసుకుని వింది. ఒక్కొక్క మాటకూ తల కొంచెం కొంచెంగా ఊపింది. తర్వాత చేయి చాపి, తొడను బొటనవేలితో ఒకసారి నొక్కి చూసింది.

"పచ్చి ఇంకా ఉంది కదూ," అంది. "మరి కొన్నాళ్ళు వేలాడనివ్వు."